ఎర్ర గీత నిలబడే దాకా

జూన్ వచ్చిందంటే మా ఊళ్లో కొత్త ముఖాలు కనబడతాయి. తొలకరి వాన పడిన మర్నాడే చద్ది మూట, నీళ్ల సీసా పట్టుకుని చేలల్లోకి దిగిపోతారు. వంచిన నడుము ఎత్తకుండా గట్టు నుంచి గట్టుకు మట్టి వెతుకుతారు. మాది వజ్రకరూరు. భూమి లోతుల్లోంచి పైకి తన్నుకొచ్చిన కింబర్లైట్ రాయి మా చుట్టుపక్కల ఉంది. ఏ కాలంలోనో అందులోంచి విడిపోయిన వజ్రాలు ఎర్రమట్టిలో కలిసిపోయాయి. వాన పైమట్టిని కడిగేస్తే ఎప్పుడైనా ఒకటి తళుక్కుమంటుంది. దొరికేది నూటికో కోటికో ఒకరికి. వెతికేది మాత్రం వందల మంది.

మా నాయనకు వజ్రం ఎప్పుడూ దొరకలేదు. ఆయనకు దొరికేది ఆ వెతికే వాళ్ల కిరాయి. గుంతకల్లు జంక్షన్లో రైలు దిగిన వాళ్లను ఊరికి తేవడం, సాయంత్రం మళ్లీ దింపడం. వర్షాధారం మీద వేసే శనక్కాయ పంట ఏ ఏడు చేతికొస్తుందో, ఏ ఏడు పెట్టుబడి కూడా తినేస్తుందో చెప్పలేం. మా జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. అందుకే జూన్, జూలై కిరాయిలు మా ఇంటికి ఇంకో పంటలాంటివి. ఆ పంట పండించే ఎద్దు, బళ్లారిలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2002 నాటి హోండా సిటీ.

ఆ ఏడు మే నెలాఖర్లో నాయన ఫోన్ చేశాడు. నేను బెంగళూరులో ఆఫీసు మీటింగులో ఉన్నాను.

"బండి ఇసుక నములుతాండాదప్పా" అన్నాడు.

ముగ్గురిని ఎక్కించుకుని మిట్ట ఎక్కుతుంటే ఇంజన్‌లోంచి డబ్బాలో గోళీలు వేసి ఊపినట్లు చప్పుడు. వేడి ముల్లు పైకి లేస్తోంది. మే మొదట్లో టౌన్లో ఒక గ్యారేజీలో టైమింగ్ బెల్టు మార్పించాడట. ఆయిల్ కారుతోందని డిస్ట్రిబ్యూటర్ కూడా విప్పి సీలు మార్చారట. ఆ రోజు నుంచే ఈ రోగం.

"మామకు చూపించినావా?" అన్నాను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. "రెండుసార్లు చూసినాడు. కాలేదు" అన్నాడు.

ఆ మాట నాకు బండి చెడిపోయిన దానికంటే ఎక్కువ గుచ్చుకుంది. ఎందుకో చెప్పాలంటే ముందు మా మామ గురించి చెప్పాలి.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. ముప్పై ఏళ్లకు పైగా మెకానిక్. బడికి సెలవులిస్తే నేను ఆయన షెడ్డులోనే ఉండేవాణ్ణి. పాత బుల్లెట్, జీపు, అంబాసిడర్, ఏదొచ్చినా టైమింగ్ పెట్టడానికి ఆయన వాడేది ఒక స్క్రూడ్రైవరు, ఒక సిగరెట్ కాగితం. కాంటాక్ట్ పాయింట్ల మధ్య ఆ పల్చటి కాగితం పెట్టి ఇంజన్‌ను చేత్తో మెల్లగా తిప్పేవాడు. కాగితం ఏ క్షణాన వదులై జారితే ఆ క్షణాన పాయింట్లు విడిపోయాయని లెక్క. అంటే స్పార్కు పడేది అక్కడే. ఆ తర్వాత బండి స్టార్ట్ చేసి, కళ్లు మూసుకుని వింటూ డిస్ట్రిబ్యూటర్‌ను ఇంచుక అటూ ఇటూ తిప్పేవాడు. ఇంజన్ గొంతు ఎక్కడ పైకి లేస్తే అక్కడిదాకా పోయి, ఒక్క పిసరు వెనక్కి తెచ్చి బిగించేవాడు. తర్వాత మిట్ట మీదకు టాప్ గేర్లో ఒక చుట్టు. అంతే.

ఆ పిసరు ఎంత ముఖ్యమో ఆయన కుడికాలికి తెలుసు. కుర్రతనంలో ఒక బుల్లెట్‌కు టైమింగ్ ముందుకు ఎక్కువ పెట్టి కిక్ కొడితే, అది ఎదురు తన్ని మడమ దగ్గర ఎముక చిట్లింది. చలికాలంలో ఇప్పటికీ కుంటుతాడు.

ఇంతకీ ఈ టైమింగ్ ఏమిటి? సిలిండర్లో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమాన్ని పిస్టన్ పైకి నొక్కుతుంది. స్పార్కు పడగానే అది ఒక్కసారిగా పేలిపోదు. మంట ఒకచోట పుట్టి పాకుతుంది. దానికి సుమారు 2 మిల్లీసెకన్లు పడుతుందనుకుందాం. పిస్టన్ పైకొచ్చి, కిందికి దిగడం మొదలెట్టిన కాసేపటికి ఆ మంట బలమంతా దాని నెత్తిన పడాలి. కాబట్టి స్పార్కు ముందే పడాలి. నిమిషానికి 800 చుట్లు తిరిగే ఇంజన్ ఒక మిల్లీసెకనులో 4.8 డిగ్రీలు తిరుగుతుంది. 3000 చుట్లలో 18 డిగ్రీలు. అంటే వేగం పెరిగేకొద్దీ స్పార్కును ఇంకా ముందుకు జరుపుతూ పోవాలి. మరీ ముందైతే పైకొస్తున్న పిస్టన్‌కు మంట ఎదురు తగులుతుంది. మిగిలిన మిశ్రమం తనంతట తాను అంటుకుని గోళీల చప్పుడు చేస్తుంది. అలాగే వదిలేస్తే పిస్టన్‌కు చిల్లి పడినా పడుతుంది. మరీ ఆలస్యమైతే లాగుడు ఉండదు, మంట సగం సైలెన్సర్ పాలవుతుంది.

1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్-టి కారుకు దీనికోసం స్టీరింగ్ పక్కన ఎడమవైపు ఒక మీట ఉండేది. డ్రైవరే చేత్తో స్పార్కును ముందుకూ వెనక్కూ జరుపుకోవాలి. తర్వాత ఆ పని డిస్ట్రిబ్యూటర్ లోపలి స్ప్రింగులకు, బరువులకు అప్పజెప్పారు. మన దగ్గర 2000 ప్రాంతంలో కాలుష్య నిబంధనలు బిగిసి కార్బురేటర్లు పోయి ఎంపీఎఫ్ఐ ఇంజన్లు వచ్చాక, ఆ లెక్క కంప్యూటర్ చేతికి పోయింది. ఇంజన్ వేగమెంత, బరువెంత, వేడెంత అని చూసుకుని తన పట్టికలో ఉన్న డిగ్రీలు తీసి ఇస్తుంది.

నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో ఉన్నప్పుడు మామతో అన్నాను. "ఇంక నీ పనైపోయినట్లే మామా. అంతా సాఫ్ట్‌వేరే." సరదాకే అన్నాను. ఆయన కూడా నవ్వాడు. కానీ ఆ తర్వాత ఎంపీఎఫ్ఐ బండి ఏదొచ్చినా, "దీన్ని టౌనుకు తీసకపోండప్పా" అనడం మొదలెట్టాడని అమ్మ చెప్పింది. ఇప్పుడు సొంత బావ బండే రెండుసార్లు విప్పి, రెండుసార్లూ ఓడిపోయాడు. షెడ్డు అద్దెకిచ్చేస్తానంటున్నాడట.

శుక్రవారం రాత్రి బస్సెక్కాను. బ్యాగులో బ్లూటూత్ స్కానర్ ఒకటి. కారుకు తగిలిస్తే ఫోన్లో రోగం చెప్పేస్తుందని ధైర్యం. పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ తిని డాష్‌బోర్డు కింద తల దూర్చాను. ఆ స్కానర్ పెట్టే 16 పిన్నుల సాకెట్ ఆ కారుకు లేనే లేదు! ఇది అంతకు ముందు తరం బండి. మామ గడపలో కూర్చుని చూస్తున్నాడు. ఏమీ అనలేదు. అనకపోవడమే పెద్ద మాట.

"నువ్వేం చేసినావో చెప్పు మామా" అని ఆయన పక్కన కూర్చున్నాను. ఆ పని ముందే చేసి ఉండాల్సింది.

చెప్పాడు. మొదటిసారి ఎప్పటిలాగే బండి స్టార్ట్ చేసి డిస్ట్రిబ్యూటర్ తిప్పాడు. "ఎంత తిప్పినా గొంతు మారల్యా అల్లుడా. ముందుకు తిప్పితే లేసినట్లే లేసి మళ్లీ దిగిపోతాది. వెనక్కి తిప్పితే పడినట్లే పడి లేస్తాది. నాకేమో చెవుడొచ్చిందనుకున్యా." చివరికి అందాజుగా వెనక్కి తెచ్చి బిగించాడు. గోళీల చప్పుడు పోయింది గానీ బండి లాగడం మానేసింది, పెట్రోలు తాగేసింది. నాయన గొణిగితే రెండోసారి మళ్లీ ముందుకు జరిపాడు. చప్పుడు మళ్లీ వచ్చింది.

ఆయన చెవికి ఏమీ కాలేదు. నిజానికి ఆయన చెప్పినదాంట్లోనే రోగం, మందు రెండూ ఉన్నాయి. ఇలాంటి ఇంజన్లో ఐడిల్ వేగాన్ని కంప్యూటర్ కాపలా కాస్తుంటుంది. మామ డిస్ట్రిబ్యూటర్ ముందుకు తిప్పగానే వేగం పెరుగుతుంది. కంప్యూటర్ వెంటనే గాలి వాల్వు కాస్త మూసి, స్పార్కును కూడా అటూ ఇటూ సవరించి, వేగాన్ని మళ్లీ పాత చోటికి దించేస్తుంది. మామ చేసిన మార్పును అది క్షణాల్లో కప్పేస్తోంది. చెవితో పెట్టే విద్యకు ఆధారం ఇంజన్ గొంతు మారడమే. అది మారకుండా కాపలా కాసేవాడు లోపల కూర్చున్నాడు.

మరి అంత తెలివైన కంప్యూటర్ తప్పు టైమింగును తనే దిద్దుకోవచ్చు కదా? దిద్దుకోలేదు. ఈ బండిలో ఇంజన్ ఎక్కడ తిరుగుతోందో కంప్యూటర్‌కు చెప్పే సెన్సర్లు డిస్ట్రిబ్యూటర్ లోపలే ఉంటాయి. దాన్ని కాస్త పక్కకు బిగిస్తే, దాని లోకమంతా పక్కకు జరిగిపోతుంది. బడి గడియారం పది నిమిషాలు ముందుంటే, బంట్రోతు సెకను తేడా లేకుండా గంట కొట్టినా అన్ని గంటలూ పది నిమిషాల ముందే మోగుతాయి. లెక్క తప్పు కాదు, లెక్క మొదలైన చోటు తప్పు.

హోండా వాళ్ల సర్వీస్ పద్ధతి రాత్రి బస్సులోనే చదివాను. డాష్‌బోర్డు కింద రెండు పిన్నుల చిన్న కనెక్టర్ ఒకటి, దేనికీ తగిలించకుండా వేలాడుతూ ఉంటుంది. సర్వీస్ చెక్ కనెక్టర్ అంటారు. దాని రెండు పిన్నులనూ ఒక తీగతో కలిపితే కంప్యూటర్ సవరణలు ఆపి, స్పార్కును మూల స్థానంలో నిలబెడుతుంది. అప్పుడు చూసేది, బిగించేది నిజమైన టైమింగ్.

"అయితే టైమింగ్ లైటు కావాల" అన్నాడు మామ. లోపలికి పోయి ట్రంకు పెట్టెలోంచి గుడ్డలో చుట్టిన తుపాకీ లాంటిది తెచ్చాడు. ఎప్పుడో బళ్లారిలో కొన్నాడట. "చెవి ఉండగా దీంతో ఏం పని అని వాడల్యా."

దాని రెండు క్లిప్పులు బ్యాటరీకి, మూడోది మొదటి సిలిండర్ ప్లగ్గు తీగకు. ఆ తీగలో కరెంటు పోయినప్పుడల్లా లైటు ఒక్కసారి మెరుస్తుంది. గిర్రున తిరిగే క్రాంక్ పుల్లీ మీద ఆ వెలుగు కొడితే, ప్రతి మెరుపుకూ పుల్లీ ఒకే చోట ఉంటుంది కాబట్టి ఆగిపోయినట్లు కనబడుతుంది. పుల్లీ అంచున మూడు గీతలు దగ్గర దగ్గరగా ఉంటాయి. నడిమిది ఎర్రది. వాటికి ఎడంగా ఒక తెల్ల గీత. తెల్లది పిస్టన్ పూర్తిగా పైనున్న స్థానం. ఎర్రది స్పార్కు పడాల్సిన స్థానం. అది బెల్టు కవరు మీది ముల్లుకు ఎదురుగా రావాలి.

ఇరవై ఏళ్ల మురికిలో ఎర్ర గీత ఎక్కడిది? మామ పెట్రోలు గుడ్డతో పుల్లీ అంచంతా తుడిచాడు. గీత జాడ దొరికింది గానీ రంగు పోయింది. మా చెల్లెలి గోళ్ల రంగు తెచ్చి అగ్గిపుల్లతో దిద్దాడు. భుజం మీది తువ్వాలు తీసి దూరంగా పడేశాడు. తిరిగే బెల్టు దగ్గర వేలాడే గుడ్డ ఉండకూడదని చిన్నప్పుడు నాకు నేర్పింది కూడా ఆయనే.

నేను తీగ పట్టుకుని తొందరపడుతుంటే ఆపాడు. "వేడెక్కనీ. ఫ్యాను తిరగనీ. చల్లటి ఇంజను ఒక మాట చెప్తాది, వేడి ఇంజను ఇంకో మాట." నేను చదివిన పద్ధతిలోనూ మొదటి వాక్యం అదే. నేనే గబగబా దాటేశాను. ఏసీ, లైట్లు అన్నీ ఆపి కూర్చున్నాం. రేడియేటర్ ఫ్యాను తిరిగి ఆగింది.

ముందు తీగ కలపకుండానే లైటు కొట్టి చూడమన్నాను. మామ వంగి చూశాడు. "గీత నిలబడటంల్యా. తాగినోని మాదిరి ఊగుతాంది."

"అదే మామా. నువ్వు తిప్పినప్పుడల్లా నీతో కొట్లాడింది అదే."

కింద తల పెట్టి తీగతో రెండు పిన్నులూ కలిపాను. డాష్‌బోర్డు మీద చెక్ ఇంజన్ దీపం వెలిగింది. బయటి నుంచి మామ గొంతు వినబడింది. గట్టిగా కాదు, తనలో తాను అనుకున్నట్లు.

"నిలబడింది."

పరిగెత్తుకెళ్లి చూశాను. ఊగడం ఆగిపోయి ఎర్ర గీత గోడ మీది మేకులా నిలబడి ఉంది. ముల్లుకు ఎదురుగా కాదు, చాలా పక్కన. ఎర్ర గీతకూ దాని పక్క గీతకూ ఎడం 2 డిగ్రీలు. ఆ కొలతతో చూస్తే మా బండి సుమారు 8 డిగ్రీలు ముందుకు పోయి ఉంది.

డిస్ట్రిబ్యూటర్ బోల్టులు వదులు చేసి మామ అరచేయి ఆనించాడు. తిప్పడం అనను. ఆనించి, ఊపిరి బిగబట్టి, ఆ మాత్రం కదిలించాడు. గీత మెల్లగా జరిగి ముల్లు కిందకు వచ్చింది. "సరే, బిగించు" అన్నాను. బిగించి లైటు దింపబోతే, "ఉండు" అని మళ్లీ కొట్టాడు. బోల్టు బిగిసేటప్పుడు డిస్ట్రిబ్యూటర్ ఒక వెంట్రుకవాసి తిరిగింది. గీత మళ్లీ పక్కకు పోయింది. నేనొక్కణ్ణే అయితే అక్కడితో వదిలేసేవాణ్ణి. రెండోసారి, ఆ జరుగుడును ముందే లెక్కగట్టి, కాస్త ఇవతల పెట్టి బిగించాడు. బిగిసేసరికి గీత ముల్లు కిందకు వచ్చి కూర్చుంది. ఆ లెక్క ఏ పుస్తకంలోనూ లేదు.

తీగ తీసేశాం. దీపం ఆరింది. నాయన, నేను, మామ, ఇంకో ఇద్దరు పక్కింటి వాళ్లు, ఐదుగురం ఎక్కి కొనకొండ్ల వైపు పోయాం. మిట్ట మీద నాయన టాప్ గేర్లోనే తొక్కాడు. మామ కిటికీలోంచి తల బయటపెట్టి కళ్లు మూసుకున్నాడు. గాలిమరల రెక్కల చప్పుడు, టైర్ల చప్పుడు. గోళీల చప్పుడు లేదు.

"చెవుడు రాల్యా నాకు" అన్నాడు కళ్లు తెరవకుండానే.

ఆ రోజు నుంచి నా ఆఫీసు పనిలో కూడా ఒక అలవాటు వచ్చింది. మేం రాసే ప్రోగ్రాములు ఎక్కడైనా విఫలమైతే వాటంతట అవే మళ్లీ ప్రయత్నించేలా పెడతాం. మూడోసారికి పని జరిగిపోతుంది, తెర మీద అంతా పచ్చగా కనబడుతుంది. మొదటి రెండుసార్లు ఎందుకు పడిపోయిందో ఎవరూ చూడరు. ఇప్పుడు ఏదైనా తేడాగా అనిపిస్తే ముందు ఆ సవరణలన్నీ ఆపి చూస్తాను. గీత ఎక్కడ నిలబడిందో చూడనిదే ముట్టుకోను.

ఇంట్లోనూ అంతే. నేను ఫోన్ చేసినప్పుడల్లా "అంతా బాగుందప్పా" అనేవాడు నాయన. నేనూ నెలనెలా డబ్బు పంపి సరే అనుకునేవాణ్ణి. మామ షెడ్డు మూసేద్దామనుకునేదాకా వచ్చినా నాకు వినబడలేదు. ఆ "బాగుంది" ఐడిల్ వేగం లాంటిది. కిందికి పోయి చూస్తే గానీ తెలియదు.

ఈ విద్యకు ఎక్కువ కాలం లేదని నాకూ తెలుసు, మామకూ తెలుసు. ఇదే ఉమ్మడి అనంతపురం జిల్లాలో, పెనుకొండ దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. అలాంటి కొత్త కార్లకు తిప్పడానికి డిస్ట్రిబ్యూటరే ఉండదు. పళ్ల చక్రం, దాని పక్కన సెన్సరు, ఒక్కో ప్లగ్గుకు ఒక్కో కాయిల్. ఇంజన్ ఇసుక నమలబోతే వినడానికి నాక్ సెన్సర్ ఉంటుంది. అంటే మామ చెవిని కూడా ఇంజన్‌కే బిగించేశారు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చాక మోటారు సైకిళ్లలోనూ కార్బురేటర్ కనబడటం తగ్గిపోయింది. కానీ మా వైపు పల్లెల్లో పాత బండి అంత త్వరగా చావదు. టౌన్లో పనికిరాదన్నది మా దగ్గర ఇంకో పదేళ్లు కిరాయికి తిరుగుతుంది. ఆ పదేళ్లూ దానికి ఎవరో ఒకరు గీత చూసి పెట్టాలి.

ఆ జూన్ కిరాయిలు పోలేదు. ఒకరోజు మాత్రం గుంతకల్లు నుంచి వచ్చిన పెద్దాయన, మూడు రోజులు చేలల్లో వెతికి ఏమీ దొరక్క, తిరుగు కిరాయి ఇవ్వలేక తల దించుకున్నాడట. నాయన ఊరికే దింపి వచ్చాడు. మాకు దొరికింది చాలులే అన్నాడు అమ్మతో.

షెడ్డు అద్దెకివ్వలేదు. టైమింగ్ లైటు ట్రంకు పెట్టెలోంచి గోడ మేకుకు వచ్చింది. దాని పక్కనే నేనిచ్చిన జానెడు తీగ, చివర గోళ్ల రంగు గుర్తుతో. మొన్న ఆఫీసు మీటింగులో ఉండగా మామ ఫోన్ చేశాడు. ఈసారి నేను బయటికొచ్చి ఎత్తాను.

"అల్లుడా, ఉరవకొండ నుంచి ఒకాయన పాత లాన్సర్ తెచ్చినాడు. దీంట్లో ఆ రెండు పిన్నుల కనెక్టర్ లేదప్పా. ఇంకేదో ఒంటి తీగ ఉంటాదంటివే, దాన్ని యాడ కలపాల?"

"ఎర్త్‌కు కలపాల మామా" అన్నాను. "ఫ్యాను తిరిగి ఆగిందా?"

"అది నాకు చెప్తావా?" అని నవ్వాడు.